షాక్ తరంగాల లెక్కకు రోసెంట్రల్‌ఫోమ్ ఎంతవరకు నమ్మదగినది?

వేగం పెరిగేకొద్దీ గాలి సాంద్రత కూడా గణనీయంగా మారిపోయే ప్రవాహాలను, అంటే సంపీడ్య ప్రవాహాలను కంప్యూటర్ మీద లెక్కించడానికి ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సాల్వర్లలో (ఒక్కో రకం సమస్యను విప్పే ప్రోగ్రాముల్లో) రోసెంట్రల్‌ఫోమ్‌ను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఓపెన్‌ఫోమ్ మూలాలు 1980ల చివర లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో మొదలైన పరిశోధనలో ఉన్నాయి. 2004లో జీపీఎల్ లైసెన్సు కింద అది అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. రోసెంట్రల్‌ఫోమ్ లెక్కింపు పద్ధతిని వివరించే పరిశోధన పత్రం గ్రీన్‌షీల్డ్స్, వెల్లర్, గాస్పరీనీ, రీస్ పేర్ల మీద 2010లో అచ్చయింది. షాక్ తరంగాలే (పీడనం, సాంద్రత ఒక్కసారిగా ఎగబాకే పలుచని తరంగాలే) ప్రధానమైన సమస్యలకు ఇంతకంటే మంచి తొలి సాధనం విద్యార్థికి దొరకదని నా అభిప్రాయం. అయితే దాని హద్దులు తెలియకుండా వాడితే వారాల తరబడి కంప్యూటర్ సమయం వృథా అవుతుంది.

ఏ సాల్వర్‌నైనా నమ్మే ముందు, జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి దానికి ఇచ్చి చూడాలి. ఓపెన్‌ఫోమ్‌తో పాటే వచ్చే షాక్ ట్యూబ్ ఉదాహరణ అందుకు చక్కగా సరిపోతుంది. 10 మీటర్ల గొట్టాన్ని మధ్యలో పొరతో విడదీసి, ఎడమ వైపు 1,00,000 పాస్కల్స్ పీడనంతో 348 కెల్విన్ గాలినీ, కుడి వైపు 10,000 పాస్కల్స్ పీడనంతో 278 కెల్విన్ గాలినీ ఉంచి, పొరను ఒక్కసారిగా తొలగిస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. 1978లో సోడ్ వాడిన ప్రసిద్ధ పరీక్షకు ఇది కొలతలు మార్చిన రూపం కాబట్టి సరైన జవాబును కాగితం మీదే రాబట్టవచ్చు. 7 మిల్లీసెకన్లు గడిచేసరికి షాక్ మధ్య నుంచి కుడి వైపుకు సుమారు 3.9 మీటర్లు వెళ్లి ఉండాలి. దాని వెనక పీడనం 30,300 పాస్కల్స్ దగ్గర, గాలి వేగం సెకనుకు 293 మీటర్ల దగ్గర నిలకడగా ఉండాలి.

గొట్టాన్ని వెయ్యి సెల్స్‌గా, అంటే చిన్న గడులుగా, విడదీసి లెక్క నడిపి ఉష్ణోగ్రత గ్రాఫ్ గీసి చూస్తే ఈ సాల్వర్ స్వభావం కళ్లకు కడుతుంది. షాక్ తాకిడికి వేడెక్కిన గాలి సుమారు 398 కెల్విన్ దగ్గర, వ్యాకోచించి చల్లబడిన గాలి సుమారు 248 కెల్విన్ దగ్గర రెండు సమతల మెట్లుగా కనిపిస్తాయి. ఆ మెట్ల మీద అనవసరపు అలలు లేకపోవడం దీని మొదటి గుణం. షాక్ కొద్ది సెల్స్‌లోనే నిటారుగా దిగిపోతుంది, కానీ వేడి గాలీ చల్లని గాలీ కలిసే హద్దు మాత్రం అంతకంటే ఎక్కువ సెల్స్ మీద పలచబడి పరుచుకుంటుంది. షాక్‌కు తనంతట తాను నిటారుగా మారే గుణం ఉంది. ఈ హద్దుకు ఆ గుణం లేదు కనుక లెక్క సాగేకొద్దీ అది మరింత వెడల్పవుతూనే ఉంటుంది. దహనం, మిశ్రమం వంటి విషయాల మీద పని చేసేవారు ఈ ఒక్క సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి.

ఈ శుభ్రతకు కారణం కుర్గానోవ్, టాడ్మోర్ రూపొందించిన కేంద్రీయ పద్ధతి. ప్రతి సెల్ ముఖం దగ్గర సాంద్రత, వేగం, ఉష్ణోగ్రతలను రెండు వైపుల నుంచీ విడివిడిగా అంచనా వేసి, తరంగాల గరిష్ఠ వేగాల ఆధారంగా ఆ రెంటినీ కలుపుతారు. రీమాన్ సమస్యను, అంటే రెండు వేర్వేరు స్థితుల్లోని గాలి తాకినప్పుడు పుట్టే తరంగాల లెక్కను, ముఖం ముఖానికీ విప్పనవసరం లేదు కాబట్టి, సెల్స్ ఏ ఆకారంలో ఉన్నా పద్ధతి పనిచేస్తుంది. ప్రధాన ప్రోగ్రాం కొన్ని వందల పంక్తులే. పాఠ్యపుస్తకంలోని సమీకరణాలు అందులో దాదాపు అదే క్రమంలో కనిపిస్తాయి. ఒక సాయంత్రం కూర్చుని దాన్ని చదివినప్పుడు, తరగతిలో నాకు అర్థం కాని శక్తి సమీకరణం మొదటిసారి స్పష్టంగా అర్థమైంది.

మాక్ 5 వేగంతో, అంటే ధ్వనికి ఐదు రెట్ల వేగంతో, వచ్చే గాలికి 15 డిగ్రీల ఏటవాలు అడ్డుపెట్టే ఉదాహరణలోనూ ఫలితం సిద్ధాంతంతో సరిపోతుంది. షాక్ కోణం సుమారు 24.3 డిగ్రీలు, పీడనం 4.78 రెట్లు.

మాక్ 3 ప్రవాహంలో మెట్టు అడ్డుగా ఉండే ఉదాహరణకు మాత్రం ఎక్కువ శ్రద్ధ కావాలి. 3 ప్రమాణాల పొడవు, 1 ప్రమాణం ఎత్తు ఉన్న సొరంగంలో 0.2 ప్రమాణాల ఎత్తున్న మెట్టు అది. 1984లో వుడ్‌వర్డ్, కొలెల్లా దీన్ని విస్తృతంగా పరిశీలించాక ప్రామాణిక పరీక్షగా స్థిరపడింది. మెట్టు ముందు వంగిన షాక్, పై గోడ దగ్గర మాక్ కాండం (గోడకు నిలువుగా నిలిచే పొట్టి షాక్), అక్కడి నుంచి వెనక్కి సాగే జారుడు రేఖ (వేర్వేరు వేగాల గాలి పక్కపక్కనే సాగే హద్దు) చక్కగా వస్తాయి. అయితే మెట్టు మూల దగ్గర లెక్కింపు దోషం వల్ల పుట్టే ఎంట్రోపీ పొర (ఎంట్రోపీ కృత్రిమంగా పెరిగిన గాలి పొర) మెట్టు ఉపరితలం వెంట సాగి, పై నుంచి దిగివచ్చే షాక్ తాకే చోట నిజానికి లేని మాక్ కాండాన్ని సృష్టించగలదు. చాలా పద్ధతుల్లో కనిపించే బలహీనతే ఇది. మూల దగ్గర మెష్‌ను, అంటే సెల్స్ అల్లికను, సన్నగా చేసి చూసినప్పుడు ఆ కాండం కుంచించుకుపోతే, దాన్ని భౌతిక సత్యంగా నివేదికలో రాయకూడదు.

మొదట్లో నేను చేసిన పొరపాటు ఒకటి ఇతరులకు పనికొస్తుందని చెబుతున్నాను. ధ్వనిని మించిన వేగంతో గాలి బయటకు పోయే హద్దు దగ్గర పీడనాన్ని స్థిరంగా బిగించాను. అక్కడ సమాచారం లోపలి నుంచే బయటకు వెళ్లాలి. నేను పెట్టిన విలువ ప్రవాహానికి అడ్డుగోడ అయింది. రెండు రోజులు మెష్‌ను అనుమానించాక, ఆ హద్దుకు జీరోగ్రేడియంట్ (లోపలి విలువనే హద్దు దగ్గరా తీసుకునే షరతు) ఇవ్వగానే సమస్య తీరింది.

ఇక అసలు హద్దుల సంగతి. ఈ సాల్వర్ కాలంలో చిన్న చిన్న అడుగులతోనే ముందుకు సాగుతుంది. ఉదాహరణల్లో కూరాంట్ సంఖ్యకు (ఒక్క అడుగులో తరంగం సెల్‌లో ఎంత వంతు దాటుతుందో చెప్పే సంఖ్యకు) సాధారణంగా ఇచ్చే పరిమితి 0.2. షాక్ ట్యూబ్‌లో సెల్ వెడల్పు సెంటీమీటరు కాబట్టి అడుగు సుమారు 3 మైక్రోసెకన్లు వస్తుంది, లెక్క త్వరగా ముగుస్తుంది. గోడ దగ్గర గాలి నెమ్మదించే పలుచని పొరను పట్టుకోవడానికి మొదటి సెల్‌ను ఒక మైక్రాన్ మందంతో పెడితే అడుగు సెకనులో వంద కోట్ల వంతు కంటే తక్కువకు పడిపోతుంది. మీటరు పొడవున్న వస్తువును సెకనుకు కిలోమీటరు వేగంతో గాలి ఒక్కసారి దాటడానికే 17 లక్షల అడుగులు పడతాయి. అందుకే రెక్క మీద స్థిర ప్రవాహంలో లిఫ్ట్ (పైకెత్తే బలం), డ్రాగ్ (వెనక్కి లాగే బలం) కావలసినవారికి దీన్ని నేను సూచించను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2012లో విడుదలైన ఎస్‌యూ2 అనే సాఫ్ట్‌వేర్, కాలంలో పెద్ద అడుగులు వేయనిచ్చే ఇంప్లిసిట్ పద్ధతులతో ఆ పనిని ఎంతో వేగంగా చేస్తుంది. ఆకృతి మెరుగుదలకు అడ్జాయింట్ సౌకర్యం (ఆకృతిలోని మార్పులు ఫలితాన్ని ఎంత మారుస్తాయో లెక్కించేది) కూడా అందులో ఉంది, అదీ ఉచితమే. మాక్ సంఖ్య బాగా తక్కువగా ఉన్న ప్రవాహాలకైతే ఓపెన్‌ఫోమ్‌లోనే ఉన్న రోపింపుల్‌ఫోమ్ మేలు.

ఓపెన్‌ఫోమ్ ప్రధానంగా రెండు శాఖలుగా, ఫౌండేషన్ ఒకటీ ఈఎస్‌ఐ సంస్థ ఒకటీ విడుదల చేసేవిగా, దొరుకుతుంది కాబట్టి దించుకునేవారు ఒక సంగతి చూసుకోవాలి. ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్ శాఖలో 2023 నాటి 11వ వెర్షన్ నుంచి ఈ సాల్వర్ స్థానంలో షాక్‌ఫ్లూయిడ్ అనే మాడ్యూల్ వచ్చింది, దాన్ని ఫోమ్‌రన్ ఆదేశంతో నడపాలి; ఈఎస్‌ఐ శాఖలో పాత పేరే కొనసాగుతోంది. పాత పాఠాలను అనుసరించి నేర్చుకునేవారికి ఈఎస్‌ఐ శాఖతో చిక్కులు తక్కువ. రెండు కొలతల ఉదాహరణలన్నీ 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద లినక్స్‌లో నడుస్తాయి. ఫలితాలను చిత్రాలుగా చూపే పారావ్యూ ప్రోగ్రాంలో తెరిచి, సాంద్రత మార్పు రేటును నలుపు తెలుపుల్లో చూపిస్తే షాక్‌లు ప్రయోగశాలలో తీసిన ష్లీరెన్ ఛాయాచిత్రంలో (గాలి సాంద్రత మార్పులను వెలుగునీడలుగా చూపేది) లాగే కనిపిస్తాయి.