ఇంటర్ తర్వాత ఉద్యోగం, పక్కనే డిగ్రీ: టెక్‌బీ ఎవరికి సరిపోతుంది?

టెక్‌బీ అంటే ఐటీ కంపెనీ హెచ్‌సీఎల్ ఇంటర్ పాసైన పిల్లల కోసం నడిపే శిక్షణ, ఉద్యోగ కార్యక్రమం. ముందు ప్రవేశ పరీక్ష: లెక్కలు, లాజిక్, ఇంగ్లీషు. లెక్కలు గట్టిగా ఉన్నవాళ్లు కూడా ఇంగ్లీషు దగ్గర తడబడొచ్చు. తర్వాత ఏడాది పాటు శిక్షణ, అందులోనే స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్. ఉద్యోగంలో చేరాక బిట్స్ పిలానీ, శాస్త్ర యూనివర్సిటీ లాంటి చోట్ల డిగ్రీ.

చిక్కంతా ఆ డిగ్రీతోనే. ప్రాజెక్టు నైట్ షిఫ్టులో పడితే, రాత్రంతా టికెట్లు (కస్టమర్ల సమస్యలు) పరిష్కరించి పొద్దున్నే క్లాసులో కూర్చోవాల్సి రావొచ్చు. మొదటి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ పడిందంటే కోలుకోవడం కష్టం. అది బీటెక్ కాదని కూడా ఇంట్లో ముందే చెప్పాలి (పెళ్లి సంబంధాల దాకా వెళ్లే ప్రశ్న మరి!).

గన్నవరం దగ్గర కేసరపల్లిలో క్యాంపస్ ఉంది కదా అని బెజవాడలోనే పోస్టింగ్ వస్తుందనుకోవద్దు. అక్కడే వచ్చినా, గుంటూరు నుంచి రోజూ రాకపోకలు షిఫ్టులతో కుదరవు. గది అద్దె లెక్కలో వేసుకోండి.

సంతకానికి ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: శిక్షణ ఫీజు, మధ్యలో మానేస్తే కట్టాల్సింది, డిగ్రీ ఫీజులో కంపెనీ వాటా, బ్యాంకు రుణం ఉంటే వాయిదా మొదలయ్యే నెల. తొలి జీతం బీటెక్ ఫ్రెషర్ కంటే తక్కువే. కానీ నాలుగేళ్ల కాలేజీ ఫీజు భారమయ్యే ఇంటికి మంచి బేరమే.