సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించాం, మూడు వేలు అయింది

మా తమ్ముడూ నేనూ చేసిన ఫోక్ పాట యూట్యూబ్‌లో కాస్త ఆడగానే ఒక ఆడియో లేబుల్ వాళ్లు పదకొండు పేజీల అగ్రిమెంట్ పంపి రెండు రోజుల్లో సంతకం పెట్టేయమన్నారు. అంతా ఇంగ్లీషే, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. టెన్షన్ పడి హైదరాబాద్‌లో కాపీరైట్ పనులు చూసే ఒక లాయర్ గారి దగ్గర గంట టైమ్ తీసుకున్నాం.

డబ్బులు దండగ కాలేదు. "సర్వ హక్కులూ శాశ్వతంగా" అన్న లైను చూసి ఆవిడ నవ్వారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను లేబుల్‌కి రాసిచ్చేసినా చెల్లదట, వారసులకో కాపీరైట్ సొసైటీకో (రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) తప్ప. అగ్రిమెంట్‌లో గడువు రాయకపోతే లేబుల్‌కి హక్కులు 5 ఏళ్లే, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే అని కూడా చెప్పారు. ఐపీఆర్ఎస్ అనే అలాంటి సొసైటీలో చేరమన్నారు, అది రచయితలకూ సంగీతం చేసినవాళ్లకూ, పాడినవాళ్లకు సొసైటీ వేరే ఉందట. అన్నిటికన్నా ముందు అడిగింది, పల్లవి ఎవరిదని. మా నాయనమ్మ నాట్లప్పుడు పాడేది అన్నాం. అయితే ఆ పల్లవి మాదని ఎక్కడా రాయొద్దు, కొత్త చరణాలూ మ్యూజిక్కే మావని రాయమన్నారు. ఇది మాకు తట్టనే లేదు!

గంటన్నర బయట కూర్చోబెట్టారు, అదొక్కటే చిరాకు. జీఎస్టీ గురించి అడిగితే ఆడిటర్‌ని అడగండి అనేశారు. లేబుల్‌కి జవాబు రాసివ్వడానికి ఫీజు మళ్లీ వేరే. మేమే మెయిల్ పెట్టుకున్నాం, "శాశ్వతంగా" పోయి 7 ఏళ్లు అయింది, మిగతాది బేరం నడుస్తోంది.