జాగ్రత్త: ‘ఆర్టిస్ట్ క్వాలిటీ’ ఆయిల్ కలర్స్ సెట్ కొని మోసపోయాను, మీరు కొనకండి

ఆరుబయట కూర్చుని ఆయిల్ కలర్స్‌తో బొమ్మలు వేసేవాళ్లు, ముఖ్యంగా మన కోనసీమ కాలువ గట్ల మీద, లంకల్లో ఈజిల్ పెట్టుకునేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లకీ చెప్పండి.

పోయిన డిసెంబరులో ఆన్‌లైన్‌లో 18 ట్యూబుల సెట్ కొన్నాను. ట్యూబు 40 మిల్లీలీటర్లు, మొత్తం 3,400 రూపాయలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఆర్టిస్ట్ క్వాలిటీ’ (అంటే చేయి తిరిగిన చిత్రకారులు వాడే మేలురకం) అనీ, రంగు వెలవదనీ రాసి ఉంది. కింద రివ్యూలు కూడా బాగానే ఉన్నాయి. అవన్నీ సెట్ చేతికొచ్చిన వారంలో రాసినవే. రంగు నిలిచిందో లేదో వారంలో ఎవరికి తెలుస్తుంది? ఆ మాట నాకు కొనేముందు తట్టలేదు.

అయినవిల్లి దగ్గర మా మేనత్త వాళ్లకి చేను ఉండేది. ఈ ఏడాది అమ్మేశారు. అమ్మేముందు అత్త పిలిచి “ఒక్క బొమ్మ వేసిపెట్టరా, ఇంట్లో పెట్టుకుంటాను” అంది. దాళ్వా (రెండో పంట) ఆకుమళ్లు లేచి ఉన్న రోజులు. తెల్లారగట్లే వెళ్లి ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వేసేవాణ్ణి. ఆ తర్వాత ఎండ తెల్లబడిపోతుంది, పొద్దున్న చూసిన రంగు ఇక కనబడదు. ఆకుమడి పచ్చ మామూలు పచ్చ కాదు. వెనక నుంచి ఎండ తగిలితే ఆకు కొసలన్నీ నిమ్మపండు రంగులోకి తిరుగుతాయి. గట్టు నీడ పడ్డ చోట అదే ఆకు నల్లపచ్చగా ఉంటుంది. ఆ రెండిటి మధ్య తేడా పట్టుకోవడానికే నాకు మూడు పొద్దులు పట్టింది. కంచె మీద కాగితం పూలు గులాబీ రంగులో, వెనక కొబ్బరి చెట్లు, అంతే బొమ్మ. అత్త చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఏప్రిల్ నెలాఖరున ఫోన్ చేసింది. “ఏరా, చేను నీలంగా అయిపోయిందేంట్రా? నా కళ్లే మసకేశాయా?” అంది.

వెళ్లి చూశాను. నిజమే. వరి మడి మొత్తం నీలిమందు ఎక్కువైన సున్నంలా ఉంది. కాగితం పూలు దాదాపు తెల్లగా అయిపోయాయి. ఫ్రేము విప్పితే, అంచు కింద దాగిన సన్నటి పట్టీలో మాత్రం నేను వేసిన నిమ్మపచ్చ అలాగే ఉంది. ఆ పట్టీని, పక్కనున్న నీలాన్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే, ఎండ తగిలే గోడకి పెట్టడం మీ తప్పు అన్నారు. వసారా గోడ అది, సాయంత్రం కాస్త ఎండ పడుతుంది, కాదనను. కానీ అదే గోడకి ఆరేళ్లుగా నేను వేరే రంగులతో వేసిన కోటిపల్లి రేవు బొమ్మ వేలాడుతోంది. అందులో పచ్చ చెక్కుచెదరలేదు.

అసలు జరిగిందేమిటంటే, పచ్చ రంగు చాలాసార్లు పసుపు, నీలం కలిపి చేస్తారు. ఆ పసుపు ఎండకి నిలవని చవక రంగైతే ముందు అదే చచ్చిపోతుంది, నీలం మిగులుతుంది. అందుకే చేను నీలమైంది. మంచి కంపెనీ ట్యూబు మీద రంగు పేరుతో పాటు అందులో ఏ పిగ్మెంట్ (రంగునిచ్చే అసలు పొడి) ఉందో చెప్పే కోడ్ ఉంటుంది: అల్ట్రామెరైన్ నీలానికి పీబీ 29, టైటానియం తెలుపుకి పీడబ్ల్యూ 6, కాడ్మియం పసుపుకి పీవై 35, ఇలా. ఎండకి ఎంత నిలుస్తుందో కూడా గుర్తు వేస్తారు. నా 18 ట్యూబుల్లో ఒక్కదాని మీదా కోడ్ లేదు. ‘సాప్ గ్రీన్’, ‘లెమన్ ఎల్లో’ అని అందమైన పేర్లు మాత్రం ఉన్నాయి. పేరు పక్కన ‘హ్యూ’ అని ఉంటే, ఆ రంగులా కనిపించే వేరే పిగ్మెంట్ అని అర్థం. అది మోసం కాదు, నిజాయితీగా చెప్పినట్టే. కోడ్ చూసుకుని కొనుక్కోవచ్చు. ఏమీ రాయకపోతేనే భయపడాలి.

ఇంకో గుర్తు ధర. నిజమైన ఆర్టిస్ట్ రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఖరీదు ఎక్కువ, మట్టిరంగులు చవక. అన్ని ట్యూబులూ ఒకే రేటుకి వస్తున్నాయంటే అది ఆ రకం కాదు. సుద్ద ఎక్కువ కలిపారేమో తెలియాలంటే, చిటికెడు రంగుకి పది చిటికెల తెలుపు కలపండి. మంచి రంగు అప్పటికీ గట్టిగా కనిపిస్తుంది. నా గులాబీ అయితే పాలలో ఒక చుక్క వేసినట్టు మాయమైపోయింది.

తర్వాత ఒక బోర్డు మీద అన్ని రంగులూ ఒక్కో గీత గీసి, ఆరాక సగం నల్ల కాగితంతో కప్పి, పడమటి కిటికీకి అంటించాను. నెలకి విప్పితే 18లో ఏడు వెలిశాయి. ఓకర్, బర్న్ట్ సియెన్నా లాంటి మట్టిరంగులు, అల్ట్రామెరైన్, తెలుపు నిలిచాయి. కొత్త రంగు కొంటే ఈ పరీక్ష అయ్యేదాకా ఎవరికీ బొమ్మ ఇవ్వకండి, అమ్మకండి. సెట్‌తో ఫ్రీగా ఇచ్చిన కాన్వాస్ బోర్డు గురించి చెప్పక్కర్లేదు, గోదారి గాలి తేమకే అప్పడంలా వంగింది.

డబ్బు సంగతి. రిటర్న్ గడువు ఏడు రోజులు, రంగు వెలిసింది నాలుగో నెలలో. అయినా వదలొద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొన్న సరుకుకి ఫీజు కూడా ఉండదు. బిల్లు, డబ్బా, ట్యూబులు, అమ్మినవాళ్లు పంపిన మెసేజ్‌లు పారేయకండి. నేను కిటికీకి అంటించిన ఆ బోర్డు కూడా దాచాను.

అత్త బొమ్మ మళ్లీ వేస్తానన్నాను. కానీ ఆ చేను ఇప్పుడు వేరేవాళ్లది, మట్టి తోలి మెరక చేస్తున్నారు. ఫ్రేము అంచు కింద మిగిలిన ఆ పట్టీ చూసి రంగు కలుపుకోవాలి.

కోడ్ లేని ఇలాంటి సెట్ ఎవరైనా కొని ఇంకా విప్పకుండా ఉంటే, గడువు దాటకముందే ఈరోజే వెనక్కి పంపేయండి.