ఆరేళ్లుగా ఒకే బీరు ట్యాంకు: తెర మీది అంకెను నమ్మకండి

బెంగళూరులోని ఒక చిన్న బ్రూవరీలో ఆరేళ్లుగా ఒకే ట్యాంకుతో కుస్తీ పడుతున్నాను. బీరును పులియబెట్టి, చల్లబరిచే వెయ్యి లీటర్ల స్టీలు కోనికల్, అంటే అడుగు గరాటులా ఉండే ట్యాంకు. నడుముకు ఒక జాకెట్ (గోడ చుట్టూ ఉండే బోలు పొర), అడుగున కోనుకు మరొకటి, వాటిలో తిరిగే గ్లైకాల్ అనే చల్లటి ద్రవం. రెండింటికీ కలిపి వాల్వు ఒకటే, తెర మీద ఉష్ణోగ్రత చూపే సెన్సరూ ఒకటే, అదీ కోనుకు కాస్త పైన. నా గొడవంతా అక్కడే.

పులిసే రోజుల్లో మాత్రం ఈ ట్యాంకుకు వంక పెట్టలేను. ఈస్టు పుట్టించే వేడి తక్కువేమీ కాదు. 19 డిగ్రీల్లో ఉండాల్సిన ఏల్ రకం బీరును మార్చిలో కూడా అర డిగ్రీ కదలనివ్వదు. పైకి లేచే గ్యాసు బుడగలే గరిటెలా బీరును కలుపుతుంటాయి కాబట్టి, సెన్సరు ఎక్కడున్నా తేడా తెలియదు.

బుడగలు ఆగాక, బీరును బాగా చల్లబరిచేటప్పుడు అసలు కథ మొదలవుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుందని బడిలో చదివాం కదా, బీరుకు ఆ హద్దు సుమారు 3. అంతకంటే చల్లబడిన బీరు కిందికి దిగదు, పైకి తేలుతుంది. మొదటి ఏడాది ఒక రాత్రి 1 డిగ్రీకి పెట్టి ఇంటికి వెళ్లాను. అడుగునున్న సెన్సరు 3 దగ్గరే ఆగిపోయింది, వాల్వు తెల్లవార్లూ తెరిచే ఉంది, గ్లైకాల్ మైనస్ 4. పొద్దున పై అద్దంలోంచి టార్చి వేసి చూస్తే గోడకు మంచు పెచ్చు! ఆ మంచే దుప్పటిలా అడ్డుపడి బీరును ఇంక చల్లబడనివ్వలేదు. ఇప్పుడు 4కు రాగానే నడుము జాకెట్ గొట్టాన్ని చేత్తో కట్టేసి, కోనుతోనే మెల్లగా దించుతున్నాను. గ్లైకాల్‌ను మైనస్ 2 దాటనివ్వను. అంతకుముందే అడుగున పేరుకున్న ఈస్టును వదిలేయాలి, లేకపోతే ఆ ముద్ద మధ్యలో వేడి అలాగే ఉండిపోతుంది.

అమ్మినవాళ్లు పీఐడీ కంట్రోలరని, అంటే తేడాను బట్టి చల్లదనాన్ని కొద్దికొద్దిగా సర్దే పరికరమని తెగ ఊదరగొట్టారు. కరెంటు కాయిల్‌తో నడిచే, తెరవడం, మూయడం తప్ప మరేమీ తెలియని సొలినాయిడ్ వాల్వుకు అదెందుకు? టిక్కుటిక్కుమంటూ రెండు కాయిళ్లు కాల్చుకుంది. అర డిగ్రీ తేడా పెట్టి మామూలు ఆన్-ఆఫ్‌కు మార్చాక మూడోది నాలుగేళ్లుగా నడుస్తోంది.

మళ్లీ కొంటే ఇదే కొంటాను, కాకపోతే రెండు వాల్వులు, రెండు సెన్సర్లు ముందే అడిగి. ఇప్పుడు పెట్టిద్దామంటే, జాకెట్‌కు చిల్లు పడితే పూచీ నాది కాదని వెల్డరు చేతులెత్తేశాడు.