ఎమ్మెస్‌డబ్ల్యూ: నాలుగు సెమిస్టర్ల చదువులో అక్కరకొచ్చేది ఏది?

గుంటూరు, విజయవాడల మధ్య ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే సమాజసేవలో పీజీ) చదివి, ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వేలు, కౌన్సెలింగ్ పనుల్లోనే ఉండి రాస్తున్న సమీక్ష ఇది. ఈ కోర్సు విలువంతా వారానికి రెండు రోజులు ఊళ్లలో, బస్తీల్లో, సంస్థల్లో జనం మధ్య చేసే ఫీల్డ్ వర్క్‌లోనే ఉంది. కేస్ వర్క్ (ఒక్కొక్కరితో పని), గ్రూప్ వర్క్ (గుంపుతో పని), కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (ఊరిని, బస్తీని కూడగట్టడం) పేపర్లు పరీక్షకు నెల ముందు కూర్చున్నా గట్టెక్కుతాయి. ఫీల్డ్ వర్క్‌ను మాత్రం సంతకాల కోసం చేస్తే, చేతికి పట్టా వస్తుంది గానీ పని రాదు. పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి చేరేవాళ్లలో బీకాం, బీఎస్సీ వాళ్లూ చాలామంది ఉంటారు. వాళ్లకేం ఇబ్బంది లేదు, అందరూ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

మొదటి చిక్కు వేళల దగ్గరే వస్తుంది. ఫీల్డ్ వర్క్ పది నుంచి నాలుగు దాకా పెడతారు. మిర్చి కోతల రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు పొద్దున్నే క్యారేజీ కట్టుకుని ఆటోల్లో పొలాలకు వెళ్లిపోతారు. ఇంటింటి సర్వేకు పదకొండింటికి వెళ్తే దొరికేది ముసలివాళ్లు, తాళాలు. తాళం ఉన్న ఇల్లు వదిలి పక్కింటికి పోతే, చివరికి రిపోర్టులో ఊళ్లో సగంమందికి పనే లేదని తేలుతుంది. తాళం వేసిన ఇంటి నంబరు రాసుకుని, సాయంత్రం ఆరు దాటాక మళ్లీ వెళ్లాలి. మూడుసార్లు వెళ్లినా దొరక్కపోతేనే వదలాలి. విజయవాడలో కొండ మీది ఇళ్లదీ ఇదే కథ. గుణదల, మొగల్రాజపురం వైపు మెట్లెక్కలేక కింది వరసలతో సర్వే ముగించేస్తారు. నీళ్లకు, దారికి ఎక్కువ ఇబ్బంది పడేది పై వరసల వాళ్లు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండ వాలులో ఎవరు, ఎక్కడ ఉంటున్నారో లెక్కలోకి రాకపోతే ఆ సర్వే ఎందుకూ పనికిరాదు.

ఇక సర్వేలో అడిగే ప్రశ్నల పట్టిక, అంటే ప్రశ్నావళి. తరగతిలో దీనికి ఇచ్చే టైము మరీ తక్కువ, ఈ కోర్సు మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే. ఇంగ్లిష్‌లో తయారుచేసి మాటకు మాట తెలుగు చేస్తే జవాబులు చెడతాయి. "మీ నెలసరి ఆదాయం ఎంత?" అని రోజుకూలీని అడిగితే ఆమెకు నెల లెక్కే ఉండదు. పైగా రైస్ కార్డుకు నెలాదాయం పల్లెల్లో పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదన్న నిబంధన అందరికీ తెలుసు. అందుకే జవాబులన్నీ ఆ అంకెకు కాస్త కిందే ఆగుతాయి. "పోయిన వారం ఎన్ని రోజులు పని దొరికింది? రోజుకు ఎంతిచ్చారు?" అని అడిగితే నిజానికి దగ్గరగా చెబుతారు. ఒక్క వారంతో ఏడాది మొత్తం లెక్క కట్టొద్దు, పని లేని నెలల గురించి విడిగా అడగాలి. అలాగే "కుటుంబ సభ్యులెందరు?" అంటే వేరుపడిన కొడుకునీ కలిపి చెబుతారు. "ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఎంతమంది?" అంటే సరిపోతుంది. అచ్చు వేయించే ముందు పదిమంది దగ్గర చదివి చూడండి. అవతలివాళ్లు "అంటే?" అన్న ప్రతి ప్రశ్నా తిరగరాయాల్సిందే.

పల్లెలో ముగ్గుపిండితో ఊరి పటం వేయించడం ఈ చదువు ఇచ్చే గొప్ప సాధనం. రచ్చబండ దగ్గర మగవాళ్లు వేసిన పటంలో గుడి, చెరువు, పెద్ద రైతుల ఇళ్లు కొట్టొచ్చినట్టు ఉంటాయి, ఎస్సీ కాలనీ ఓ మూల చిన్న గీతగా మిగులుతుంది. అదే పటం కాలనీలో ఆడవాళ్లతో విడిగా వేయిస్తే చేతిపంపు, మరుగుదొడ్డి లేని ఇళ్లు, దీపం లేని దారి బయటపడతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకుని, ఏది ఎందులో లేదో అక్కడే రాసుకోవాలి.

డిసర్టేషన్‌కు, అంటే కోర్సులో రాసే పరిశోధన నివేదికకు, 60 మందిని తీసుకుని, ఐదు ఆదాయ వర్గాలు, నాలుగు చదువు స్థాయిలు పట్టికగా పెట్టి, రెండింటికీ సంబంధం ఉందో లేదో తేల్చే కై స్క్వేర్ పరీక్ష వేస్తుంటారు. 20 గళ్లకు 60 మందంటే సగటున గడికి ముగ్గురు. చాలా గళ్లలో రావాల్సిన సంఖ్య (ఆ రెండింటికీ సంబంధమే లేదనుకుంటే లెక్క ప్రకారం ఉండాల్సింది) 5 కన్నా తగ్గితే ఆ ఫలితాన్ని నమ్మలేం. వర్గాలను రెండు, మూడుకు కుదించాలి. సర్వేకు 384 మంది కావాలని తరచూ చెప్పే సూత్రం పెద్ద జనాభా నుంచి లాటరీ పద్ధతిలో ఎంచుకున్నప్పటిది, 95 శాతం నమ్మకంతో, అసలు అంకెకు 5 శాతం అటూఇటూ తేడాతో. వంద మందైతే ఆ తేడా దాదాపు 10 శాతం అవుతుంది. తెలిసినవాళ్లనే అడిగి నింపిన ఫారాలకు ఈ లెక్కలేవీ వర్తించవు. ఈ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ కొనలేకపోతే ఉచితంగా దొరికే పీఎస్‌పీపీ చాలు.

కేస్ వర్క్ రికార్డు ఆ సాయంత్రమే రాయాలి: వాళ్లన్న మాట, మనమన్న మాట, చూసింది, మనకు అనిపించింది, నాలుగూ వేర్వేరుగా. గంటసేపు మాట్లాడితే రాయడానికి రెండు గంటలు పడుతుంది. "క్లయింట్ బాధలో ఉన్నారు" అనే వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. "పిల్లాడి స్కూలు మాట రాగానే కొంగు వేలికి చుట్టుకుంటూ మాట ఆపేసింది" అని రాస్తే, మళ్లీ వెళ్లినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. పేర్లు మార్చండి, వీధి పేరు కూడా తీసేయండి.

ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే: ఆసుపత్రుల్లో కౌన్సెలర్, బాలల సంరక్షణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు. యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్ కావాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, రాష్ట్ర స్థాయి సెట్ గానీ, పీహెచ్‌డీ గానీ ఉండాలి. చేరే ముందు ఆ డిపార్ట్‌మెంట్ సీనియర్ ఒకరి ఫీల్డ్ వర్క్ రికార్డు అడిగి తిరగేయండి. సూపర్‌వైజర్ పక్కన ప్రశ్నలు రాసి, మళ్లీ వెళ్లి రమ్మని పంపిన గుర్తులుంటే ధైర్యంగా చేరొచ్చు. అన్ని పేజీల్లో ఒకే పెన్నుతో ఒకే రోజు పెట్టిన సంతకాలు కనిపిస్తే ఇంకో కాలేజీ చూసుకోండి.