చేతి స్పెక్ట్రోస్కోప్: గీతలు చక్కగా చూపుతుంది, స్కేలును మాత్రం సరిచూసుకోవాలి

నల్లగొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను, ‘పరమాణువులు’ పాఠం కోసం వెలుగును దానిలోని రంగులుగా విడదీసి చూపే చేతి స్పెక్ట్రోస్కోపు ఒకదాన్ని వెయ్యి రూపాయల లోపు ధరలో ఆన్‌లైన్‌లో తెప్పించాను. అరచేతిలో ఇమిడే ఈ ప్లాస్టిక్ పెట్టెకు ఒక కొసన సన్నని చీలిక, కన్ను ఆనించే కొసన రంగులను విడదీసే, మిల్లీమీటరుకు 500 గీతలున్న గ్రేటింగ్ ఫిల్మ్, లోపల వెలుగు తరంగదైర్ఘ్యాన్ని చూపేలా 400 నుంచి 700 నానోమీటర్ల వరకు అచ్చువేసిన స్కేలు ఉన్నాయి. బ్యాటరీతో పనిలేదు.

దీని అసలు విలువ హైడ్రోజన్ డిశ్చార్జి గొట్టం (లోపలి వాయువు విద్యుత్తుతో వెలిగే గాజు గొట్టం) ముందు పెట్టినప్పుడు తెలిసింది. మామూలు కంటికి గులాబీ రంగు వెలుగుగా తోచేది ఇందులోంచి చూస్తే 656 నానోమీటర్ల దగ్గర ఎర్ర గీతగా, 486 దగ్గర నీలాకుపచ్చ గీతగా, 434 దగ్గర ఊదా గీతగా విడిపోతుంది. 410 దగ్గరి నాలుగో గీత గది పూర్తిగా చీకటిగా ఉంటే తప్ప కనిపించదు. తరగతిలో ఒక అమ్మాయి చాలాసేపు చూసి, “సార్, గీతల నడుమ ఏం లేదు, అంతా చీకటే ఉంది” అన్నది. పాఠమంతా ఆ చీకటిలోనే ఉంది. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ కొన్ని నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉండగలదు. మూడో స్థాయి శక్తి మైనస్ 1.51 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం), రెండోది మైనస్ 3.40, పై స్థాయి నుంచి కిందికి దిగే ఎలక్ట్రాన్ ఆ తేడా అయిన 1.89 ఎలక్ట్రాన్ వోల్టులను ఒకే ఫోటానుగా, అంటే కాంతి కణంగా, విడుస్తుంది కాబట్టి, 1240ని (ఈ ప్రమాణాల్లో ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగాల లబ్ధం) 1.89తో భాగిస్తే ఎర్ర గీత స్థానం నానోమీటర్లలో వచ్చేస్తుంది. నాలుగో స్థాయి నుంచి దిగితే తేడా 2.55, అదే నీలాకుపచ్చ గీత. మూడు, నాలుగు స్థాయిల మధ్య ఎలక్ట్రాన్ నిలవగలిగిన చోటు మరొకటి లేదు గనుక, ఆ రెండు గీతల మధ్య వెలుగూ లేదు. బాసెల్ నగరంలో బాలికల పాఠశాలలో గణితం చెప్పిన బామర్ 1885లో ఈ నాలుగు గీతలకే సూత్రం కట్టగా, దానికి కారణం 1913లో బోర్ చెప్పాడు.

ఇక లోపం. నాకు వచ్చిన పరికరంలో స్కేలు దాదాపు 8 నానోమీటర్లు ఎక్కువ చూపుతోంది. ఎర్ర గీత 664 దగ్గర పడడంతో పిల్లల లెక్కలో 1.87 వచ్చింది, పుస్తకంలోని 1.89తో పోల్చుకున్నప్పుడు వారికి అనుమానం తమ లెక్కపైనే కలిగింది. సరిచేయడానికి పాత సీఎఫ్ఎల్ బల్బు చాలు. అందులోని పాదరసం 435.8 దగ్గర స్పష్టమైన నీలి గీతనిస్తుంది. ఆకుపచ్చ గీత ఇంకా ప్రకాశవంతంగా ఉన్నా, దానిలో బల్బు పూత నుంచి వచ్చే టెర్బియం అనే మూలకపు వెలుగు కూడా కలుస్తుంది కనుక దాన్ని కొలతకు వాడకూడదు. స్పిరిట్ దీపం మంటలో ఉప్పు అంటించిన తీగను పెట్టి, సోడియం పసుపు గీతతో స్కేలు రెండో వైపు కూడా చూసుకున్నాను; అక్కడా అదే తేడా ఉండడంతో ప్రతి కొలత నుంచి 8 తీసివేయిస్తున్నాను. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, దాని వెలుగు గీతలుగా కాక పట్టీగా పరుచుకుంటుంది.

సోడియం గీత నిజానికి 589.0, 589.6 దగ్గర రెండు గీతల జంట. ఈ పరికరపు చీలిక వెడల్పు వల్ల అవి ఒకటిగానే కనిపిస్తాయి కాబట్టి, సోడియం శక్తి స్థాయి రెండుగా చీలిన సంగతి చూపాలంటే ప్రయోగశాలలోని పెద్ద స్పెక్ట్రోమీటరే శరణ్యం. ఇంత చిన్న తేడాలు ఎంత ముఖ్యమో మన గుంటూరు చెబుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ జ్వాలల్లోని పసుపు గీత 587.6 దగ్గరిదనీ, సోడియంది కాదనీ అదే ఏడాది ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త లాక్యర్ గుర్తించడంతోనే హీలియం ఉనికి బయటపడింది. మధ్య దూరం రెండు నానోమీటర్లు కూడా లేదు.

ధరకు తగిన పనితనం కన్నా ఎక్కువే ఉన్నందున ఇద్దరు విద్యార్థులకు ఒకటి చొప్పున కొనమని తోటి అధ్యాపకులకు చెబుతున్నాను. డిశ్చార్జి గొట్టానికి వేల వోల్టులు అవసరం గనుక దాని స్విచ్చి అధ్యాపకుని చేతిలోనే ఉండాలి, అర నిమిషానికి మించి వెలిగించి ఉంచకూడదు. పరికరాన్ని నేరుగా సూర్యుని వైపు తిప్పవద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. ఫిల్మ్‌పై వేలిముద్ర పడితే గుడ్డతో తుడవకండి, గీతలు చెరిగి ఫిల్మే మార్చవలసి వస్తుంది.