పిస్టల్ చూడటానికి నెల్లూరు దాకా

నెల్లూరు వెళ్లేవాళ్లు రంగనాథస్వామి గుడికో, మైపాడు బీచ్‌కో, చేపల పులుసుకో వెళ్తారు. మేం ముగ్గురం వెళ్లింది ఒక పాత కోల్ట్ పిస్టల్ చూడటానికి. అది మా శీనుగాడి పెదనాయనది. పెన్న వంతెన దాటాక కోవూరు పక్క పల్లెలో ఉంటారాయన.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలెక్కాం. ఈ దారికి నా ఓటు ఎప్పుడూ దానికే, ఎండ ముదిరే లోపు దింపేస్తుంది. బస గురించి మాత్రం అంత బాగా చెప్పలేను. ఫొటోలు చూసి బుక్ చేసిన లాడ్జిలో ఏసీ పనిచేసింది, గీజర్ పనిచేయలేదు. లిఫ్ట్ పక్క గది కావడంతో రాత్రంతా గరగర. అది చాలదన్నట్టు శీను కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో "పిస్టల్ చూడ్డానికే వచ్చాం పెదనాయనా" అని ఊరంతా వినేలా అన్నాడు. కౌంటర్‌లో అబ్బాయి ముగ్గురి ఆధార్ కార్డులూ మళ్లీ అడిగి, ఇంకోసారి జిరాక్స్ తీయించాడు. ఆ ఒక్క విషయంలో ఆ లాడ్జికి మంచి మార్కులే వేస్తాను.

మర్నాడు కారం దోశ తిని (రెండోది అడక్కుండా ఉండలేం) ఆటోలో బయల్దేరాం. పెదనాయన బీరువాలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టారు. విప్పగానే మ్యాగజైన్ (గుళ్లు పెట్టే డబ్బా) తీసి పక్కన పెట్టి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) లాగి లోపల ఖాళీ అని చూపించారు. మళ్లీ చూపించారు. మూడోసారి కూడా. నేను చెయ్యి చాచాను. "చూడు అబ్బయా, ముట్టుకోబాక. లైసెన్స్ నా పేరు మీదుంది" అన్నారు. నాకు కోపం రాలేదు గానీ వేళ్లు మాత్రం కాసేపు గాల్లోనే ఉండిపోయాయి.

కోల్ట్ 1903 మోడల్, పాయింట్ 32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు). అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ డిజైన్. 1945 దాకా సుమారు 5,70,000 తయారయ్యాయి. పేరులో హ్యామర్‌లెస్ అని ఉన్నా హ్యామర్ (గుండు పేలేలా కొట్టే సుత్తి లాంటి భాగం) ఉంటుంది, స్లైడ్ కింద దాక్కుంటుంది అంతే. అందుకే జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోదు. పిడి వెనక ఒక మీట ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుంటే తప్ప పిస్టల్ పేలదు. చంద్రశేఖర్ ఆజాద్ దగ్గరున్నదీ ఈ మోడలే, అలహాబాద్ మ్యూజియంలో ఉంది. పెదనాయన బల్ల మీద కోల్ట్ పక్కనే పెట్టిన ఇంకో పిస్టల్ వాల్తర్ పీపీ, 1929 నాటి మోడల్. హ్యామర్ పైకి కనబడుతుంది, మొదటి గుండుకి ట్రిగ్గర్ నొక్కితే చాలు, ముందుగా హ్యామర్ వెనక్కి లాగక్కర్లేదు. పనితనంలో వాల్తర్‌దే పైచేయి అని మా మూడోవాడి వాదన. కావచ్చు. నా కళ్లు మాత్రం కోల్ట్ మీదే. దాని మూతి అంచున నల్లటి పూత పోయి ఉక్కు వెండిలా తేలింది, ఏళ్ల తరబడి తోలు ఒరలో పెట్టి తీసిన గుర్తు అది. పక్కన ఒక వేలిముద్ర కూడా తుప్పుగా అచ్చుపడి ఉంది.

"అది మా నాయన వేలు" అన్నారాయన. ఈ ఊరి ఉక్కకి చెమట చెయ్యి పెట్టి తుడవకుండా వదిలితే అంతేనట. తోలు ఒర తేమ పట్టి ఉంచుతుందని అందులో దాచడం మానేసి, గుడ్డలో చుట్టి, నూనె రాసి పెడుతున్నారు.

కోల్ట్‌లోనే పాయింట్ 45 బోర్ 1911 మోడల్ ఉంటే బాగుండేదని నేను నోరు జారాను. అమెరికా సైన్యం 1985 దాకా వాడిన పిస్టల్, మన వాళ్లకి అదంటే పిచ్చి. ఆయన నవ్వేశారు. పాయింట్ 45, 9 ఎంఎం మనకి నిషేధిత బోర్లు, మామూలు లైసెన్స్‌కి రావు. 2019లో చట్టం మారి ఒక్కరు ఉంచుకోగల మూడు తుపాకులు కాస్తా రెండయ్యాయి. కోల్ట్, వాల్తర్ ఉంచుకుని, నాయన వేటకి వాడిన జోడు గొట్టాల తుపాకీని డీలర్‌కి అప్పజెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు బల్ల వైపు కాకుండా వాకిలి వైపు చూశారు.

వెంట తీసుకెళ్తారా అని శీను అడిగాడు. ధాన్యం డబ్బు తెచ్చే రోజుల్లో తీసుకెళ్లేవారట. "పంచెలో ఏడ పెట్టుకునేది? ముప్పాతిక కిలో బరువు. నడుంకి కట్టుకుంటే డబ్బు పోతుందన్న భయం కంటే ఇది పడిపోద్దన్న భయమే ఎక్కువ" అన్నారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాలి, ఆ రసీదుల కట్ట కూడా చూపించారు. పిస్టల్ కంటే అదే లావుగా ఉంది.

మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టారు పెద్దమ్మ. బయట హోటళ్లలో తిన్నది ఇక లెక్కలోకి రాదు. సాయంత్రం మైపాడు వెళ్లాం. బీచ్ బాగుంది, దుస్తులు మార్చుకునే గదులు మాత్రం బాగాలేవు. రెండో రాత్రికి వేరే లాడ్జికి మారాం, వేడినీళ్లొచ్చాయి. ఇక్కడ చెక్ ఇన్ చేసేటప్పుడు శీనుని ఆటోలోనే కూర్చోబెట్టాం.